తెరమీది ఎడారి

వైశాఖమాసపు మధ్యాహ్నవేళ ఉరవకొండనుండి గుంతకల్లునకు గాని, కల్యాణదుర్గమునుండి రాయదుర్గమునకు గాని పోవువారికి దారిలో ముందు నీరు నిలిచినట్లు కనబడును. తారుబాటమీద మడుగు కట్టినట్లును, అందులో ఎదురుగా వచ్చు బస్సు తలక్రిందుగా తేలుచున్నట్లును తోచును. దగ్గఱకు పోయినకొలది ఆ నీరు వెనుకకు జరుగుచుండునే గాని అందదు. అది నీరు కాదని గొఱ్ఱెలు కాచు పిల్లవానికిని తెలియును. దానిని ఎండమావి యందురు. సంస్కృతమున మృగతృష్ణ, మరీచిక అనియు పేరులు కలవు. ఏనుగు లక్ష్మణకవి తెలిగించిన భర్తృహరి సుభాషితములలో మూర్ఖుని మనస్సును రంజింపజేయుట ఎండమావిలో నీరు త్రాగుటకంటెను కష్టమని చెప్పబడినది. ఆ మాటలోని బలము కోనసీమవారికంటె అనంతపురమువారికి త్వరగా తెలియును.

అనంతపురపు పీఠభూమి ఎడారి కాదు. ఎడారి యని చెప్పదగిన చోట సాధారణముగా ఏడాదికి 250 మిల్లీమీటర్ల వానయైనను పడదు. ఇచ్చట సగటున 550 మిల్లీమీటర్లు పడును. అయినను ఆ వాన నమ్మదగినది కాదు. నైఋతి ఋతుపవనములు మోసికొని వచ్చు తేమను పడమటి కనుమలు చాలవఱకు ఆపివేయును. ఈశాన్య ఋతుపవనకాలపు తుపానులు తూర్పుతీరమునుండి ఇంతదూరము వచ్చుసరికి బలహీనపడును. రెండు వైపులనుండి వానలు వచ్చుచున్నను నడుమ నున్న యీ నేలకు మిగిలినదే దక్కును. కఱవు ఇచ్చటివారికి పిలువని చుట్టము. కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతములందు వేదవతినది యిసుక గాలికి లేచి, దిబ్బలై, పొలములమీదికి ప్రాకుచుండును. ఆ నదిని అక్కడివారు హగరి యందురు. ఆ దిబ్బలను చూచినవారికి ఎడారి యెట్లుండునో వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇట్టి నేలమీద పెరిగినవారు ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ అను ఆంగ్లచిత్రమును చూచినచో అందలి ప్రసిద్ధమైన యొక దృశ్యము వారికి క్రొత్తగా తోచదు. ఎడారి నడుమ ఒక బావి యుండును. లారెన్సు అను ఆంగ్లయువకుడును, అతనికి దారిచూపు తఫాస్ అను అరబ్బును ఆ బావి దగ్గఱ ఆగియుందురు. నేలయు నింగియు కలియుచోట ఏదో నల్లని చుక్క కనబడును. అది నీటిలో వణకుచున్నట్లుండును. సాగును, కుదించుకొనును, మఱల సాగును. చాలసేపటికి గాని అది ఒంటెనెక్కి వచ్చుచున్న మనుష్యుడని తెలియదు. తఫాస్ తన తుపాకికై పరుగెత్తును. వచ్చినవాడు ఒక్క గుండుతో వానిని కూల్చును. వాడు చేసిన నేరమేమి? ఆ బావి హారిత్ తెగవారిది. నీరు త్రాగినవాడు మఱియొక తెగవాడు. చూపరులు సాధారణముగా ఈ దృశ్యమందలి ఛాయాగ్రహణమును పొగడుదురు. అది పొగడదగినదే. కాని చెఱువుతూము కడను, బోరుబావి కడను జరుగు తగవులను ఎఱిగినవారికి ఛాయాగ్రహణముకంటె ముందు బావియే కనబడును.

ఎండమావి కన్నుల భ్రమ యని పలువురు తలంతురు. భ్రమయే యైనచో కెమెరాకు చిక్కదు గదా! ఎండకు నేల కాలినప్పుడు నేల నంటియున్న గాలిపొర మిక్కిలి వేడెక్కి పలుచనగును. దానిపై నున్న గాలి అంత వేడెక్కదు. కావున చిక్కగా నుండును. ఆకాశమునుండి వాలుగా దిగివచ్చు వెలుగు చిక్కని గాలినుండి పలుచని గాలిలోనికి ప్రవేశించునప్పుడు కొంచెము కొంచెముగా వంగి, నేలను తాకకయే పైకి తిరిగి కంటిని చేరును. వెలుగు తిన్నగా వచ్చినదని కన్ను నమ్మును. కావున ఆకాశపు నీలము నేలమీద పఱచినట్లు కనబడును. నేలమీద నీలముగా మెఱయునది నీరే యని మనస్సు నిశ్చయించుకొనును. 1798లో నెపోలియను సేనతో ఈజిప్టునకు పోయిన గాస్పార్ మోంజ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని శాస్త్రరీత్యా వివరించెను. కనబడు వస్తువు నిజమైనదే; కనబడిన చోట మాత్రము అది లేదు. ఈ యొక్క మాటను గుర్తుంచుకొనినచో చిత్రమును గూర్చి చెప్పవలసిన తక్కిన సంగతులును సులభముగా బోధపడును.

ఆ చిత్రమునకు దర్శకుడు డేవిడ్ లీన్; నిర్మాత శామ్ స్పీగెల్; ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ యంగ్. ఎండమావి దృశ్యము కొఱకు యంగ్ 482 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల పొడవైన కటకమును వాడెను. ఇట్టి కటకము దూరమునున్న వస్తువును దగ్గఱకు తెచ్చి చూపును. కాని ముందువెనుకల నడుమనున్న ఎడమును నొక్కివేయును. అందువలననే ఒంటె యెంత వచ్చినను ఇంకను రాకున్నట్లు కనబడును. సాధారణ చిత్రములకు వాడు ఫిల్ము 35 మిల్లీమీటర్ల వెడల్పుగలది. దీనిని 65 మిల్లీమీటర్ల ఫిల్ముపై తీసి, 70 మిల్లీమీటర్ల ప్రతులతో ప్రదర్శించిరి. మనుష్యుని చీమవలె చూపి, ఎడారిని ఎడారివలెనే చూపుటకు అంత వెడల్పు కావలసివచ్చినది.

చిత్రీకరణము 1961 మే నెలలో జోర్డాను దేశమున ఆరంభమయ్యెను. దూరపు విడుదులకు త్రాగునీటిని సయితము లారీలపై తెప్పించుకొనవలసివచ్చెను. ఒకసారి నడచిన యిసుకపై జాడలు నిలిచిపోవును గనుక, దృశ్యమును మఱల తీయవలెనన్నచో ఇసుకను ఊడ్చి చదును చేయవలెను. లక్షలు వ్యయపఱచి తీయు చిత్రమునకు చీపురుకట్ట ఆధారమగుట వింతయే! తరువాత పరివారము స్పెయినునకును, మొరాకోకును తరలెను. అకాబా రేవు జోర్డానులో నిజముగా నున్నను, దానిని స్పెయిను దక్షిణతీరమున ఎండిన యేటిముఖమున మున్నూటికి పైగా కట్టడములతో క్రొత్తగా నిర్మించిరి. అనంతపురము జిల్లా తాడిపత్రిలో 1912లో పుట్టిన కె.వి. రెడ్డి 1957లో ‘మాయాబజారు’ను తీసినప్పుడు ద్వారకను, ఘటోత్కచుని మాయలను చాలవఱకు మద్రాసు స్టూడియో గోడల నడుమనే సృష్టించెను. లీన్ పద్ధతి వేఱు. నిజమైన యెండను వెదకికొని ఖండములు దాటెను. రెండును తెరమీది మాయలే. ఏది గొప్పదని వాదించుట వృథా.

చిత్రము 1962 డిసెంబరు 10వ తేదీన లండనులో మొదట ప్రదర్శింపబడెను. నిడివి మూడుగంటల నలువది నిమిషములు. మరుసటి సంవత్సరము దానికి ఉత్తమచిత్రము, ఉత్తమ దర్శకత్వము మొదలుగా ఏడు ఆస్కారు బహుమతులు వచ్చినవి. లారెన్సుగా పీటర్ ఓటూల్, బావిదగ్గఱకు ఒంటెపై వచ్చిన షరీఫ్ అలీగా ఈజిప్టు నటుడు ఒమర్ షరీఫ్, ఫైసల్ రాకుమారునిగా ఎలెక్ గిన్నెస్ నటించిరి. అందు ఒక భారతీయుడును కలడు. హిందీ చిత్రముల హాస్యనటుడు ఐ.ఎస్. జోహర్ అందు కాసిం అను అరబ్బు వేషము వేసెను. అంత సుదీర్ఘమైన చిత్రమున మాటలాడు స్త్రీపాత్ర యొక్కటియు లేకపోవుట గమనింపదగినది.

కథ ప్రథమ ప్రపంచ సంగ్రామకాలము నాటిది. అప్పుడు అరబ్బుదేశములు తురుష్క సామ్రాజ్యమునకు లోబడియుండెను. 1916లో మక్కా షరీఫు హుస్సేన్ తిరుగుబాటు చేసెను. ఆంగ్లేయులు దానికి తోడ్పడుటకై పంపినవారిలో టి.ఇ. లారెన్సు ఒకడు. డెమాస్కసునుండి మదీనాకు పోవు హిజాజు రైలుదారిని అచ్చటచ్చట ప్రేల్చివేయుట తిరుగుబాటుదారుల ముఖ్యమైన యుపాయము. 1900లో మొదలై 1908లో మదీనాను చేరిన ఆ దారికి నానాదేశముల ముస్లిములు చందాలిచ్చిరి. హజ్జునకు పోవువారికి సులువగునని భారతదేశమునుండియు సొమ్ము పోయెను. హైదరాబాదులోను చందాలు వసూలైనవి. తెరమీద రైలు కూలినప్పుడు చూపరులు చప్పట్లు కొట్టుదురు. ఆ పట్టాలలో హైదరాబాదు రూపాయలును కలవని వారికి తెలియదు.

ఇక చిత్రము చెప్పిన కథకును, జరిగిన చరిత్రకును గల యెడమును చూడవలెను. అకాబాపై జరిగిన దాడిని చిత్రము అద్భుతముగా చూపినది. గుఱ్ఱములును ఒంటెలును ఊరిమీదికి ఉప్పెనవలె పోవుచుండగా, సముద్రమువైపు గుఱిపెట్టిన ఫిరంగి నిరుపయోగమై నిలిచియుండును. నిజమైన పోరు ఊరికి దూరమున అబా అల్ లిస్సాన్ కడ 1917 జూలై 2న జరిగినది. ఆ పోరున లారెన్సు తొందరలో తన ఒంటెనే తాను కాల్చుకొని క్రిందపడినట్లు తన గ్రంథముననే వ్రాసికొనెను. నాలుగు దినముల తరువాత అకాబా పెద్దపోరు లేకయే లొంగిపోయినది. చిత్రములో లారెన్సు ఎడారిలో తప్పిపోయిన కాసింను ప్రాణములకు తెగించి కాపాడి, పిమ్మట తెగల నడుమ రక్తపాతమును ఆపుటకై తన చేతితోనే కాల్చును. నిజముగా కాపాడబడినవాడొకడు, కాల్చబడినవాడు వేఱొకడు. రెండు సంఘటనలను ఒక్క మనుష్యునిపై మోపుట కథకునకు లాభము. ఆ రెండవవాని పేరు మాత్రము తుడిచిపెట్టుకొనిపోయినది. డెమాస్కసును అరబ్బులే ముందు ప్రవేశించినట్లు తెరమీద కనబడును. 1918 అక్టోబరు 1వ తేదీ ఉదయమున లారెన్సుకంటె ముందే ఆస్ట్రేలియా గుఱ్ఱపుదళము ఆ నగరమున ప్రవేశించియుండెను.

ఒక్క మనుష్యుడే యుద్ధమును గెలిచినట్లు తోపించు అలవాటు ఈ చిత్రముతో పుట్టలేదు. లోవెల్ థామస్ అను అమెరికను పాత్రికేయుడు 1919లో లండనులో బొమ్మలు చూపుచు ఈ యుద్ధమును గూర్చి యుపన్యాసములిచ్చెను. జనులు విరగబడి వచ్చిరి. తెల్లని అరబ్బు వస్త్రములు ధరించిన లారెన్సు అప్పుడే కథానాయకుడయ్యెను. చిత్రమందలి పాత్రికేయుని పాత్రకు ఈ థామసే మూలము. ఆ కీర్తిని లారెన్సు కోరెను, వెఱచెను గూడ. తరువాత అతడు పేరు మార్చుకొని విమానదళమున సామాన్య సైనికుడుగా చేరి 1927, 1928 సంవత్సరములలో నేటి పాకిస్థానమందలి కరాచీలోను, మీరాన్‌షాలోను పనిచేసెను. 1935లో మోటారుసైకిలు ప్రమాదమున మరణించెను. చిత్రము ఆ ప్రమాదముతోనే ఆరంభమగును.

అకాబాకు ఉత్తరముగా, సీనాయి ఎడారిని దాటి పాలస్తీనాలో సాగిన పెద్దయుద్ధము వేఱొకటి. దానికి నాయకుడు 1917 నడుమనుండి సేనాని ఎలెన్‌బీ. ఆ యుద్ధము తుపాకులతో ఎంత జరిగినదో నీటితోను అంత జరిగినది. ఈజిప్టునుండి సీనాయి మీదుగా రైలుదారిని, దాని వెంట గొట్టములను వేసి నైలునది నీటిని ఎడారి దాటించిరి. వేలకొలది ఈజిప్టు కూలీలు ఆ పనిచేసిరి. 1990వ దశకమున అనంతపురము జిల్లా పల్లెలకు గొట్టములద్వారా దూరపు నీరు వచ్చినప్పుడు వీథికుళాయిల చుట్టును మూగిన బిందెలను చూచినవారికి అదెంత పనియో తెలియును. 1917 అక్టోబరు 31న జరిగిన బీర్‌షెబా పోరున అక్కడి బావులను చీకటిపడకముందే చేజిక్కించుకొనుట అత్యవసరమయ్యెను. లేనిచో దప్పిగొన్న గుఱ్ఱములు నిలువవు. ఆ డిసెంబరులో జెరూసలేము లొంగినది.

ఈ సేనలో భారతీయులు అనేకులు. 1918 వసంతమున ఫ్రాన్సులో కష్టము వచ్చి ఎలెన్‌బీ బ్రిటిషు పటాలములను పెక్కింటిని అక్కడికి పంపవలసివచ్చినప్పుడు, ఆ చోటులను ఎక్కువగా భారతీయ పటాలములే నింపినవి. లారెన్సుతో కూడ 1917 నవంబరులో వంతెన కూల్చుటకై శత్రుభూమిలోనికి పోయినవారిలో భారతీయ మరతుపాకివారు ఉండిరి. అతని గ్రంథమున వారి ప్రసక్తి కలదు. తెలుగువారికి మఱింత దగ్గఱిది 15వ ఇంపీరియల్ సర్వీసు అశ్వికదళము. అది సంస్థానముల రౌతులతో కూడినది. హైదరాబాదు లాన్సర్లు, మైసూరు లాన్సర్లు 1914లోనే సూయెజు కాలువ రక్షణకు పోయిరి. ఫ్రాన్సులో పోరాడిన జోధపూరు లాన్సర్లు 1918లో వారితో కలిసిరి. లాన్సరు అనగా బల్లెము పట్టిన రౌతు. నాటి హైదరాబాదు సంస్థానమున తెలంగాణమును, మరాఠ్వాడాయు, కొన్ని కన్నడ జిల్లాలును కలిసియుండెను. మైసూరు సంస్థానము అనంతపురము జిల్లాకు పొరుగు. హిందూపురమునకు, మడకశిరకు మద్రాసుకంటె బెంగుళూరు చాల దగ్గఱ.

ఆ రౌతులలో ముస్లిములకు కలిగిన సంకటము సామాన్యమైనది కాదు. తురుష్క సుల్తాను వారికి ఖలీఫా. హైదరాబాదు నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ఆంగ్లేయుల పక్షమున నిలువుడని ముస్లిములకు ప్రకటన చేసెను. ప్రభువు ఆజ్ఞ ఒకవైపు, మతగురువుపై భక్తి యొకవైపు. ఎడారి యెండకంటె ఇది తక్కువ బాధ యని చెప్పజాలము. తమ ఊళ్లనుండి చందాలుపోయిన రైలుదారి కూలుచున్న దేశముననే వారు కావలి తిరిగిరి.

1918 సెప్టెంబరు 19న చివరి పెద్దదాడి మొదలయ్యెను. 23వ తేదీన హైఫా రేవును పట్టుకొనవలసిన పని ఈ సంస్థానముల దళముపై పడినది. ఒకవైపు కార్మెల్ కొండ, ఒకవైపు కిషోన్ ఏఱు. నడుమ ఇఱుకైన దారి. కొండమీద ఫిరంగులు, మరతుపాకులు కాచియుండెను. మైసూరు రౌతులు కొండవైపునుండి ఎక్కి ఫిరంగులను అదుపుచేయగా, జోధపూరు రౌతులు మైదానముమీదుగా ఊరిలోనికి గుఱ్ఱములను దూకించిరి. ఏటి యొడ్డున ఊబి యుండుటచే వారు దిశ మార్చుకొనవలసివచ్చెను. జోధపూరు దళపతి మేజర్ దళపత్ సింగు అందు నేలకొరిగెను. సాయంకాలమునకు రేవు వశమైనది. 1,350 మంది ఖైదీలు, 17 ఫిరంగులు, 11 మరతుపాకులు దొరకినవి. చనిపోయినవారు ఎనిమిదిమంది, గాయపడినవారు 34 మంది; చచ్చిన గుఱ్ఱములు 60. మరతుపాకుల నెదుర్కొని బల్లెములతో ఒక పట్టణమును గెలుచుట ఆ కాలమునకే అరుదైన సంగతి.

హైదరాబాదు లాన్సర్లకు ఆ దినములలో పట్టుబడిన ఖైదీలను వెనుకకు నడిపించుకొనిపోవు పని పడినది. అది యెవరును పాట కట్టు పని కాదు. దప్పిగొని, ఓడి, నడువజాలని జనసమూహమును తప్పిపోనీయక, చావనీయక గమ్యము చేర్చుట దుమికి పొడుచుటకంటె తేలిక యని తలపరాదు. తరువాత ఆ దళము ఉత్తరమునకు సాగి అలెప్పో వఱకు పోయెను. అక్టోబరు 26న హారితాన్ కడ మైసూరు, జోధపూరు రౌతులు మఱల దాడిచేసిరి. ఇంకను నాలుగు దినములకు తురుష్కులు సంధిపత్రముపై వ్రాలుచేసిరి. ఆ నాలుగు దినముల ముందు చనిపోయినవారిని తలచినచో మనస్సు కలగును.

వీరి కథ చిత్రమున లేదు. దానికి లీన్‌ను తప్పుపట్టుట న్యాయము కాదు. ఆయన లారెన్సును గూర్చి చిత్రము తీసెను గాని ఎలెన్‌బీ సేనను గూర్చి కాదు. పైగా అరబ్బులకు ఆంగ్లేయులిచ్చిన మాట నిలువలేదనియు, 1916లోనే బ్రిటను, ఫ్రాన్సు రహస్యముగా ఆ దేశములను పంచుకొనెననియు చిత్రము దాచక చెప్పినది. చిక్కెక్కడనగా, చిత్రము మిక్కిలి బాగుండుట. అంత బాగుగా చూపిన దానిని చూచినవారు అంతకుమించి అక్కడ మఱేమియు లేదనుకొందురు. ఎండమావివలె అదియు నిజమైన వెలుగే, కాని వంగివచ్చిన వెలుగు.

బెంగుళూరు జయచామరాజేంద్రనగరమున మైసూరు లాన్సర్లకు ఒక స్మారకస్తంభము కలదు. హైఫాలో భారతీయ సైనికుల శ్మశానవాటిక యున్నది. భారతసేన ప్రతి సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీని హైఫాదినముగా జరుపుకొనును. ఢిల్లీలో 1922లో ఒక తెల్లని స్తంభము నిలిపి, దాని చుట్టును మూడు కంచువిగ్రహములను పెట్టిరి. శిల్పి లియొనార్డ్ జెన్నింగ్స్. ఆ కూడలి యెదుటనున్న మేడ మొదట ఆంగ్ల సేనాధిపతికి నివాసమై, స్వాతంత్ర్యానంతరము ప్రధాని నెహ్రూకు నివాసమయ్యెను. ఆ విగ్రహములనుబట్టియే దానికి తీన్‌మూర్తి భవనమని పేరు వచ్చినది. 2018లో ఆ కూడలి పేరునకు హైఫా పేరును చేర్చిరి. మేడను చూడవచ్చువారు అనేకులు. దానికి పేరిచ్చిన మువ్వురెవరని అడుగువారు తక్కువ. వారు జోధపూరు, మైసూరు, హైదరాబాదు రౌతులు.